రెండో అచ్చు

రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటు దగ్గర అతన్ని అందరూ పెన్సిల్ అనే పిలిచేవారు. అరవై దాటినా, జుట్టు తెల్లబడినా, ఒక్కడైనా పెన్సిల్ గారూ అన్న పాపాన పోలేదు. పని తొందరగా కావాలనుకున్నవాళ్లు మాత్రం చివర బాబాయ్ అని తగిలించేవారు. చెవి మీద ఎప్పుడూ ఒక మెత్తటి నల్ల పెన్సిల్ ఉండేది కాబట్టి ఆ పేరు అతికిపోయింది.

అతని పని అచ్చులు తీయడం. పాత బండి రిజిస్ట్రేషన్ పొడిగించాలన్నా, అమ్మిన బండి కొన్నవాడి పేరుకి మార్చాలన్నా ఫారం మీద చాసిస్ నంబరు అచ్చు ఉండి తీరాలి. బండి అడుగు ఇనుములో పుట్టుకతోనే కొట్టిన నంబరది, అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేడు. చేత్తో రాస్తే చెల్లదు. దాని మీద పలచటి కాగితం పరిచి, పెన్సిల్ని అడ్డంగా పట్టి రుద్దితే నల్లటి మసిలో నంబరు తెల్లగా తేలి వస్తుంది. ఆ ముక్కని ఫారానికి అంటించాలి. ఇందులో ఏముంది, మేమూ రుద్దగలం అనుకునేవాళ్లు చాలామందే ఉండేవారు. వాళ్లందరూ కాగితం చింపుకుని, చొక్కాకి గ్రీజు పూసుకుని, చివరికి గోడవారగా ఉన్న అతని స్టూలు దగ్గరికే వచ్చేవారు.

ఆ శుక్రవారం పొద్దున రెండు తెల్లకార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఈడువి. మొదటిది పాత కార్ల షాపాయనది. ఆయన బండి దిగకముందే తొందర మొదలుపెట్టాడు. రెండోది ఒక నలభై అయిదేళ్లావిడది. ఆ బండి మీదే ఆవిడ బతుకు. రోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, పనయ్యేదాకా ఉండి, మళ్లీ ఇంటి దగ్గర దింపుతుంది. బండికి పదిహేనేళ్లు నిండాయి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవాలి. గేటు దగ్గరవాళ్లు ఆవిడకి అప్పటికప్పుడే డ్రైవరమ్మ అని పేరు పెట్టేశారు.

ఆ మోడల్‌కి నంబరు ముందు సీటు కింద ఉంటుంది. పెన్సిల్ మోకాళ్ల మీద కూర్చుని, చాప ఎత్తి, గరుకు కాగితంతో తుప్పు గోకి, కిరసనాయిల్ గుడ్డతో తుడిచాడు. చూపుడు వేలితో నంబరు మీద ఒకసారి ఇటునుంచి అటు తడిమాడు. ఒకప్పుడు పైకి చదివేవాడు. ఏడాదిగా తడమడమే. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. దగ్గర వస్తువు మీద ఎవరో పలచటి పాలు పోసినట్టు కనిపించేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కళ్లు కనపడనివాడు అచ్చులు తీస్తున్నాడంటే స్టూలు ఆ సాయంత్రానికే గేటు బయట ఉంటుంది.

ప్రతి బండికీ అతను రెండు అచ్చులు తీసేవాడు. ఒకటి ఫారానికి, ఒకటి తనకి. తన దాని వెనక నంబరు ప్లేటు చూసి బండి నంబరు పెద్దక్షరాలతో రాసుకునేవాడు. ఫారానికి వెళ్లేదాని వెనక జిగురు రాయడమే కదా, ఇంకేమీ రాసేవాడు కాదు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఎందుకని అడిగితే ఒకటి చిరిగితే ఇంకొకటి అనేవాడు. ఏదీ చిరగలేదు. అవన్నీ అతని గదిలో బిస్కట్ డబ్బాల నిండా ఉండేవి.

"త్వరగా కానీ బాబాయ్, కొన్నాయన పదకొండుకి వస్తానన్నాడు," అంటూ షాపాయన నెత్తి మీద నిలబడ్డాడు.

పెన్సిల్ రెండు ఫారాలూ పలక మీద పక్కపక్కన పెట్టి, అచ్చులు పైన ఉంచి జిగురు మూత తీశాడు. అంతలో గాలి విసిరింది. కాగితం ముక్కలు లేచాయి. అరచేత్తో అదిమి పట్టుకుని, మళ్లీ సర్ది, అంటించి ఇచ్చాడు. రెండు ఫారాలూ లోపలికి వెళ్లాయి. లోపల ఇన్‌స్పెక్టరు ఎప్పటిలాగే కుర్చీలోంచి లేవకుండా, చాసిస్ నంబరు సరిచూడబడినది అని రాసి సంతకం గీకాడు. పెన్సిల్ తీశాడంటే చూడక్కర్లేదని ఆయన పదిమందిలోనూ అనేవాడు. ఆ మాట విన్న రోజు పెన్సిల్ రెండు టీలు తాగేవాడు.

సోమవారం డ్రైవరమ్మ బండిని తనిఖీకి తెచ్చింది. ఖర్మ కాలి ఆ రోజే పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి ఉన్నాడు. కొత్తవాడు, కుర్రవాడు, కుర్చీలో కూర్చోవడం ఇంకా అలవాటు కానివాడు. టార్చి పట్టుకుని బండిలో దూరి, సీటు కింద నంబరు తనే చదివాడు. రిజిస్ట్రేషన్ పుస్తకంలోనూ అదే నంబరు ఉంది. ఫారం మీది అచ్చులో మాత్రం వేరే నంబరు ఉంది.

"శుక్రవారం వచ్చిన బండికి ఒక నంబరు, ఈరోజు వచ్చిన బండికి ఒక నంబరు. ప్లేటు ఒకటే," అన్నాడు అధికారి ఇన్‌స్పెక్టరు వైపు చూస్తూ. "మీరు శుక్రవారం సరిచూశారు కదా?"

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు కుర్చీలోంచి లేవలేదని చెప్పలేడు. కాబట్టి ఆయన మనసు చురుగ్గా పనిచేసింది. "సరిచూశాను సార్. అంటే ఈవిడ దగ్గర రెండు బండ్లున్నాయి. ఒకే ప్లేటు పెట్టి, ఒకే కాగితాల మీద రెండూ తిప్పుతోంది. ఇలాంటివి చాలా చూశాను."

డ్రైవరమ్మకి ముందు నవ్వొచ్చింది. "రెండు బండ్లా? ఉన్న ఒక్కదానికే టైర్లు మార్చలేక చస్తున్నాను సార్!"

"రెండోది ఎక్కడ దాచావో చెప్పమ్మా, ఇది తీసుకెళ్లు."

"లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

పెన్సిల్‌కి లోపలినుంచి పిలుపొచ్చింది. ఇన్‌స్పెక్టరు ఫారం మీది అచ్చులో చివరి నాలుగంకెలు పైకి చదివి, దాన్ని అతని చేతికిచ్చి అడిగాడు. "ఈ అచ్చు నువ్వు తీసిందేనా?"

"నేను తీసిందే సార్."

"ఈవిడ తెచ్చిన బండి మీదేనా?"

పెన్సిల్ ఫారాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. మసక. పాలలో చీమలు ఈదినట్టు నంబరు. సరిగ్గా అప్పుడే శుక్రవారం నాటి గాలి గుర్తొచ్చింది. గాలీ, షాపాయన తొందరా, తన అరచెయ్యీ. అవతల అందరూ తన నోటి వైపే చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు చూపులో మాత్రం నువ్వూ నేనూ ఒకే పడవలో ఉన్నామన్న మాట ఉంది.

"బండి మీద ఏముంటే అదే వస్తుంది సార్," అన్నాడు. "పెన్సిల్ అబద్ధం చెప్పదు."

ఇరవై రెండేళ్లుగా వందసార్లు అన్న మాటే. ప్రతిసారీ గర్వంగా అనేవాడు. ఈసారి అనేశాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బండిని ఆఫీసు వెనక పెరట్లోకి తోయించి, చక్రానికి గొలుసు వేశారు. విచారణ అయ్యేదాకా అక్కడే అన్నారు. ఎన్నాళ్లని అడిగితే, రాస్తాం, పైనుంచి జవాబు రావాలి అన్నారు. డ్రైవరమ్మ తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ బయటికొచ్చి, ఎక్కడికెళ్లాలో తెలియక పెన్సిల్ స్టూలు పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుంది.

"బాబాయ్," అంది కాసేపటికి. "నాకు మీరొక్కరే సాక్షి. శుక్రవారం నేను తెచ్చింది ఈ బండే కదా? మీరే కదా మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది?"

"ఈ బండేనమ్మా."

"మరి ఆ ముక్క లోపల చెప్పరేం?"

"అడిగినప్పుడు చెప్తాను," అన్నాడు పెన్సిల్, పెన్సిల్ చెక్కుతున్నట్టు తల దించుకుని. అది అప్పటికే సూదిలా చెక్కి ఉంది.

*

మంగళవారం ఆమె పొద్దున్నే వచ్చింది. లోపలికి పోయి అడిగింది, ఇంకా రాయలేదన్నారు. వచ్చి పిట్టగోడ మీద కూర్చుంది. మధ్యాహ్నం మళ్లీ వెళ్లింది, రాస్తున్నాం అన్నారు. మళ్లీ వచ్చి కూర్చుంది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి అతని ముందుకి చాచింది. తను టిఫిను డబ్బా మూతలో పోసుకుంది.

"వద్దమ్మా, నీకు చాలదు."

"బండి లేనిదాన్ని, టీ తాగి ఎక్కడికెళ్లాలి? తాగండి."

తాగాడు. గేటు దగ్గర రోజుకి నలభై మంది అతనితో మాట్లాడేవారు. ఎంతసేపవుతుంది, ఇంకా కాలేదా, ఇక్కడ సంతకమా, అంతే. పక్కన కూర్చుని ఊరికే మాట్లాడిన మనిషి మాత్రం ఎప్పుడు తగిలాడో అతనికి గుర్తులేదు. ఈవిడేమో నోరు మూసుకునే రకం కాదు. ఆగిపోయిన బండి గురించి ఏడవాల్సింది పోయి, ఆ బండి ఎక్కేవాళ్ల గురించి చెప్పి నవ్వించింది. ఒక పెద్దమ్మగారికి వెనక సీటంటే పడదట. రోగుల్ని వెనక కూర్చోబెడతారు, నేను ముందే కూర్చుంటానని పేచీ. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి వెళ్తూ దారంతా ఆమెకి డ్రైవింగు నేర్పుతుందట.

"ఆవిడకి వచ్చా డ్రైవింగు?"

"సైకిలు కూడా రాదు బాబాయ్!"

పెన్సిల్ పొలమారేంతగా నవ్వాడు. నవ్వి చాలా కాలమైందేమో, దవడలు నొప్పి పుట్టాయి.

అయిదింటికల్లా తన గదికి చేరాడు. అది టైర్ల షాపు మీద ఒంటి గది. కిటికీ దగ్గర ఇంకా వెలుతురుండగానే మంచం కిందినుంచి ఆ నెల డబ్బా లాగాడు. భూతద్దం పట్టుకుని శుక్రవారం నాటి ముక్కలు ఒక్కొక్కటే ఏరాడు. వెనక బండి నంబర్లు పెద్దగా ఉన్నాయి కాబట్టి ఆ రెండూ దొరకడం కష్టం కాలేదు. అచ్చుల్ని మాత్రం అద్దం కింద అంకె తర్వాత అంకె కూడబలుక్కుని, ఒక చీటీ మీద రాసుకుని, లోపల ఇన్‌స్పెక్టరు పైకి చదివిన చివరి నాలుగంకెలతో పోల్చాడు. అనుమానం లేదు. ఆవిడ ఫారం మీద ఉన్నది షాపాయన బండి అచ్చు. ఆవిడ బండి అచ్చు షాపాయన ఫారం మీద, లోపల ఏ కట్టలోనో హాయిగా నిద్రపోతోంది.

పెన్సిల్ మంచం మీద కూలబడ్డాడు. డబ్బా అడుగున ఇంకొక కాగితం మడిచి ఉంది, కళ్లాసుపత్రి చీటీ. పోయిన ఏడాది ధైర్యం చేసి వెళ్లాడు. అన్ని పరీక్షలూ చేసి, ఆపరేషన్ రోజుకి వెంట ఎవర్ని తెస్తున్నారని అడిగారు. ఎవరూ లేరన్నాడు. ఎవరో ఒకరు ఉంటారు కదండీ, చుట్టాలో పక్కాలో అంది నర్సు. ఆలోచించి చెప్తానని వచ్చేశాడు. ఏడాదైంది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

*

ఈరోజు చెప్పేస్తాననుకునే బుధవారం పొద్దున బయల్దేరాడు. రెండు ముక్కలూ చొక్కా జేబులో ఉన్నాయి. ఆమె అతనికన్నా ముందే వచ్చి గోడ మీద ఉంది. మొహం వాడిపోయి ఉంది.

"పెద్దమ్మగారు వేరే బండి మాట్లాడుకుంది," అంది. "తప్పు పట్టలేను. ఆవిడకి రోజు తప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఇంకో ఇద్దరు శనివారం దాకా చూస్తామన్నారు. వారం పోతే నా మనుషులందరూ పోతారు బాబాయ్. బండి వచ్చినా ఎవర్ని ఎక్కించుకోను?"

ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాడు కూడా. అంతలో ఎవడో మోటారుసైకిలు తెచ్చి అచ్చు తీయమన్నాడు. తీశాడు. తిరిగి వచ్చేసరికి ఆమె మూతలో టీ పోసి ఉంచింది. దాని పక్కనే కూర్చోవడానికి అతని స్టూలు తుడిచి ఉంచింది. టీ తాగాక చెప్తే ఏం పోయిందిలే అనుకున్నాడు.

"మరి ఆసుపత్రిలో లోపలిదాకా వెళ్తావా?" అని అడిగాడు, మాట కలుపుతున్నట్టు.

"లోపలిదాకానా? ఆపరేషన్ గది తలుపు దాకా. పాపం చాలామంది ఒంటిగా వస్తారు. వెంట ఎవరు వచ్చారు, సంతకం పెట్టండి అంటారు. నేనే పెడతాను. రోగి మీకేమవుతారు అని ఒక గడి ఉంటుంది చూశారూ, అందులో తెలిసినవాళ్లు అని రాస్తాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. వాళ్లకి కావల్సింది ఒక సంతకం."

పెన్సిల్ చేతిలో మూత ఆగిపోయింది. తెలిసినవాళ్లు. ఇంత చిన్న మాట తనకి ఏడాదిగా తట్టలేదు. తట్టినా ఎవరి చేత రాయించేవాడు?

ఆమె సంచిలోంచి ఒక కార్డు తీసి ఇచ్చింది. "ఉంచండి. ఎప్పుడైనా, ఎవరికైనా అవసరమైతే." కార్డుని జేబులో పెట్టుకున్నాడు. ఆ రెండు ముక్కల పక్కనే పెట్టుకున్నాడు. ఆ రోజూ చెప్పలేదు.

భయం వల్లే చెప్పలేదని అతను నమ్మాడు. స్టూలు పోతుందన్న భయం, ఇన్‌స్పెక్టరు భయం. గురువారం పొద్దున ఆఫీసుకి వస్తూ దారిలో ఒక కొట్టు ముందు ఆగి బిస్కట్ పొట్లం కొన్నాడు. అతను బిస్కట్లు తినడు, పళ్లకి పడవు. ఆమెకి ఏ రకం ఇష్టమో తెలియక రెండు రకాలు అడిగి, వాసన చూసి మరీ ఎంచుకున్నాడు. పొట్లం చేతిలోకొచ్చాక, అక్కడే, రోడ్డు మీద, అతనికి తెలిసొచ్చింది. భయం ఒక వంతే. నిజం చెప్పిన మరుక్షణం గొలుసు తీసేస్తారు, ఆమె బండెక్కి వెళ్లిపోతుంది. పిట్టగోడ మళ్లీ ఖాళీ అయిపోతుంది. ఒక మనిషి బతుకుకి గొలుసు వేసి, ఆ గొలుసు పక్కన కూర్చుని తను టీ తాగుతున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది.

స్టూలు దగ్గర ఆగలేదు. నేరుగా లోపలికి వెళ్లి రెండు ముక్కలూ ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాది సార్. గాలికి తారుమారయ్యాయి. పేరు మార్పు కట్టలో షాపాయన ఫారం తీయించండి, దాని మీద ఈవిడ బండి నంబరుంటుంది."

ఇన్‌స్పెక్టరు లేచి తలుపు వేశాడు. "నీకు మతి పోయిందా? నీకు పోయేది స్టూలు. నాకు పోయేదేంటో తెలుసా? సరిచూశానని సంతకం పెట్టింది నేను. ఆ అధికారి మరో పది రోజుల్లో వెళ్లిపోతాడు. అప్పుడు మెల్లగా సర్దేద్దాం. అవి ఇటివ్వు."

"పది రోజులు ఆవిడ ఆగలేదు సార్."

"ఆవిడ నీకేమవుతుంది?"

పెన్సిల్ ముక్కలు రెండూ తీసుకుని, తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలోంచి సరే సార్ అనకుండా రావడం అదే మొదటిసారి.

వరసలో జనం ఉన్నారు. పిట్టగోడ మీద ఆమె ఫ్లాస్కు మూత విప్పుతోంది. అతను ఎదురుగా నిలబడి, అందరూ వింటుండగానే చెప్పాడు. "ఇదుగోనమ్మా నీ బండి అచ్చు. వెనక నీ ప్లేటు నంబరుంది. ఇది అవతలి బండిది. నీ ఫారం మీద దాన్ని అంటించాను. నాకు కళ్లు కనపడవు. ఏడాదైంది. తీసుకెళ్లి ఆ అధికారికి చూపించు."

ఆమె ముక్కలు అందుకుని ఒక పరుగు తీసింది. అధికారి తనే కట్ట విప్పించాడు, తనే టార్చి పట్టుకుని పెరట్లోకి నడిచాడు. మధ్యాహ్నం రెండు కాకముందే గొలుసు ఊడింది. ఐదేళ్ల పొడిగింపు మీద ముద్ర పడింది.

ఆమె బండిని గేటు దాకా తెచ్చి ఆపి, దిగి అతని దగ్గరికొచ్చింది. నవ్వుతూ వస్తుందేమోనని అతనిలో ఒక వెర్రి ఆశ. ఆమె నవ్వడం లేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం సాయంత్రం."

"మంగళవారం." ఆమె వేళ్లు లెక్కపెట్టలేదు గానీ, లెక్క అతనికి వినపడింది. "మరి బుధవారం నా పక్కన కూర్చుని నా టీ తాగారు."

"తాగాను."

"పెద్దమ్మగారు చేజారిపోయిందని మీకే చెప్పుకున్నాను."

"చెప్పావు."

"ఎందుకు దాచారు? ఉద్యోగం పోతుందనా?"

అవునంటే సరిపోయేది. ఎవరైనా నమ్మేవారు, సగం క్షమించేవారు కూడా. "అదొకటి," అన్నాడు. "చెప్తే నువ్వు వెళ్లిపోతావు కదా. ఇంకొక్క రోజు కూర్చుంటావని."

ఆమె అతని మొహంలోకి చూసింది. "నేను వెళ్తాను, పెన్సిల్ గారూ," అంది.

ఎన్నేళ్లుగానో ఎవరి నోటా రాని ఆ గారు అప్పుడు వచ్చింది. చెంప మీద కొట్టినట్టుంది. బండి వెళ్లిపోయింది. బిస్కట్ పొట్లం విప్పకుండా పలక మీదే ఉంది. పిట్టగోడ మీద ఫ్లాస్కు మూత మిగిలిపోయింది.

*

స్టూలు పోలేదు. ఇన్‌స్పెక్టరుకి ఒక హెచ్చరిక కాగితం వచ్చిందట. ఆయన శుక్రవారం నుంచి ప్రతి బండి దగ్గరికీ తనే నడిచి వచ్చి, పెన్సిల్ వైపు చూడకుండా నంబరు చదివి, అచ్చుతో పోల్చుకుని వెళ్తున్నాడు. నిన్ను తీసేస్తే కొత్తవాణ్ణి వెతకాలి, కూర్చో అని మాత్రం అన్నాడు. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో అది జరగనే లేదు. పెన్సిల్‌కి ఉపశమనం కలగాలి. కలగలేదు.

మూతని రోజూ కడిగి సంచిలో పెట్టుకుని వచ్చేవాడు. తెల్లకారు ఏది ఆగినా తల ఎత్తేవాడు. మూత లేని ఫ్లాస్కులో టీ చల్లారిపోతుంది, ఆవిడ రోడ్ల మీద ఎలా తాగుతోందో అని అదొక బెంగ. ఆదివారం రోజంతా గదిలో కార్డుని భూతద్దం కింద పెట్టి, తీసి, పెట్టి, సోమవారం పొద్దున టైర్ల షాపు ఫోను అడిగి తీసుకున్నాడు.

"బండి కావాలి," అన్నాడు. "రేపు పొద్దున ఏడింటికి. కళ్లాసుపత్రికి. రాను, పోను, అక్కడ ఉండాలి కూడా."

అవతల బండి పక్కకి తీసి ఆపిన చప్పుడైంది. గొంతు గుర్తుపట్టిందని అతనికి తెలిసిపోయింది.

"అక్కడ ఉన్నంతసేపటికి డబ్బు వేరే తీసుకుంటాను," అంది ఆమె.

"తీసుకో."

"వెనక సీట్లో కూర్చోవాలి."

"సరే."

ఏడింటికి అయిదు నిమిషాల ముందే వచ్చింది. వెనక కూర్చున్నాడు. కొన్ని వేల బండ్లలో మోకాళ్ల మీద కూర్చున్న మనిషి, సీటు మీద కూర్చుని ఎన్నేళ్లయిందో. మూత తీసి ముందుకి చాచాడు. ఆమె అద్దంలోంచి చూసి, అందుకుని, పక్క సీటు మీద పడేసింది.

ఆసుపత్రిలో అతని పాత చీటీ చూసి, ఏడాది ఏం చేశారండీ అని నర్సు కోప్పడింది. శుక్లాలు బాగా ముదిరాయి, ఈరోజే ఒక కన్ను చేసేస్తామంది. ఒక ఫారం ముందుకి తోసింది. "వెంట ఎవరు వచ్చారు?"

పెన్సిల్ నేల చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె కూడా కాసేపు తాళంచెవే చూసుకుంది. తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. ఫారం కింద దన్నుగా అతని పాత చీటీ మడిచి పెట్టుకుని, బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాయసాగింది. పేరు, ఫోను నంబరు. రోగి మీకేమవుతారు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఆగి, మళ్లీ కదిలింది. కింద సంతకం.

"ఏం రాశావు?"

"ఆపరేషన్ అయ్యాక మీరే చదువుకోండి," అని ఫారం నర్సుకీ, చీటీ అతనికీ ఇచ్చేసి, బండి నీడలో పెట్టొస్తానని ఆమె బయటికి నడిచింది.

ఫారం లోపలికి వెళ్లిపోయింది. ఇంకెక్కడ చదవడం? తెలిసినవాళ్లు అని రాసి ఉంటుంది, అందరికీ రాసేదేగా అనుకున్నాడు. అదే పదివేలు. పాత చీటీ ఒళ్లో ఉంది. అలవాటు కొద్దీ వేలు దాని మీద పాకింది. పెన్ను నొక్కుళ్లు వేలికి తగిలాయి. పేరు, నంబరు, దాని కింద గడి. తెలిసినవాళ్లు అంటే బారెడు మాట. ఇది అంత లేదు. మూడంటే మూడక్షరాలు.

చెవి మీది పెన్సిల్ తీశాడు. కాగితం మీద అడ్డంగా పట్టి, ఇనుము మీద రుద్దినట్టు కాకుండా, పసిపిల్ల బుగ్గ మీద రాసినంత మెల్లగా రుద్దాడు. మసిలోంచి తెల్లటి గీతలు తేలాయి. భూతద్దం తీసి కిటికీ వైపు తిరిగాడు. ఒకప్పుడు నంబర్లు చదివినట్టే, ఒక్కొక్కటీ పైకి చదివాడు.

"బా. బా. యి."

నర్సు లోపలినుంచి పేరు పిలిచింది. అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు. దానికి రెండో అచ్చు లేదు.